తొంభై అయిదుకీ తొంభై ఆరుకీ నడుమ

హెర్న్‌డన్ ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో, సబ్‌లీజ్‌కి గది ఉందన్న మెసేజ్‌కీ ఎవరో పార్కింగ్‌లో పారేసుకున్న కారు తాళాల ఫోటోకీ మధ్య ఆమె పోయిందన్న కబురు ఉంది. దేశానికి ఆ చివర శాన్ రామన్‌లో, నిద్రలోనే గుండె ఆగిపోయిందట. కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా ఉన్నాయి. పేరు చదివి, ఎవరో పాపం అనుకుని, పైకి జరిపేశాను కూడా. అన్నం తినేసి గిన్నెలు కడుగుతుంటే అప్పుడు తట్టింది, అది మా అక్క పేరని. ఆమెను నేను ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. కలిసిన మొదటి రోజు "ఆంటీ" అన్నాను.

"ఆంటీ అనకమ్మా, ఆ మాట వింటే మోకాళ్ళు నొప్పెడతాయి నాకు. అక్కా అను," అంది.

అప్పటి నుంచీ అక్కే.

నేనప్పుడు పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఉన్నాను. కరీంనగర్ నుంచి ఎఫ్-వన్ స్టూడెంట్ వీసా మీద అమెరికా వచ్చి, మాస్టర్స్ చేసి, ఆ ల్యాబ్‌లోనే ఉండిపోయినదాన్ని. మా ల్యాబ్ ఒక పెద్ద ఆస్పత్రి అడుగున, నేలమాళిగలో ఉండేది. కిటికీలు లేవు. బయట మంచు పడుతోందో ఎండ కాస్తోందో లోపలికి వచ్చేవాళ్ళ భుజాలు చూసి తెలుసుకోవాలి. ఎమ్మారై అయస్కాంతాన్ని చల్లగా ఉంచే పంపు ఒకటి ఎప్పుడూ పిట్టలా కీచుమంటూనే ఉండేది. కొత్తగా వచ్చినవాళ్ళకు దాంతో తలనొప్పి వచ్చేది. అక్క మాత్రం వరండాలో ఆ కీచుకి తగ్గట్టు అడుగులు వేస్తూ నడిచేది. అలా నడుస్తున్నానని ఆమెకు తెలియదు. నేను చెప్పలేదు, చెబితే మానేస్తుందని.

మేం చేసే పని గురించి కొంచెం చెప్పాలి. కొన్ని రకాల కేన్సర్ కణితులకి ఒక చిత్రమైన చికిత్స ఉంది. బోరాన్ కలిసిన మందును రక్తంలోకి ఎక్కిస్తారు. అది కణితిలోకి చేరాక ఆ చోటికి న్యూట్రాన్లను పంపుతారు. న్యూట్రాన్ తగిలిన బోరాన్ పగిలి, తానున్న కణాన్ని చంపుతుంది. పక్క కణం జోలికి పెద్దగా పోదు. చెప్పడానికి ఇంతే. మందు నిజంగా కణితిలోకి చేరిందా, చేరితే ఎప్పుడు చేరింది అన్నది బయటినుంచి తెలియకపోవడమే చిక్కు. చేరకముందే న్యూట్రాన్లు పంపితే మంచి కణాలకు దెబ్బ, కణితికి ఏమీ కాదు. మామూలు ఎమ్మారై ఒంట్లో ఉన్న నీటిని చూస్తుంది. అదే అయస్కాంతంతో బోరాన్‌ని చూడాలని మేం తంటాలు పడుతున్నాం. దాని గొంతు మరీ సన్నం. అది వినాలంటే ప్రత్యేకమైన రాగి తీగ చుట్లు కావాలి, వాటిని కాయిల్స్ అంటారు. ఆ కాయిల్స్ చేసేది అక్క.

ఒక్కో మూలకం ఒక్కో ఫ్రీక్వెన్సీలో పలుకుతుంది. మా అయస్కాంతంలో బోరాన్ పలికే చోటు ఎఫ్ఎం రేడియోలో అయితే తొంభై అయిదుకీ తొంభై ఆరుకీ నడుమ వస్తుంది. మాకందరికీ అదొక చికాకు. స్కానర్ గది తలుపు సరిగ్గా పడకపోతే ఊళ్ళో ఎఫ్ఎం పాటలు మా కొలతల్లోకి దూరిపోయేవి. అక్కకు మాత్రం అది పుట్టింటి వైపు చుట్టరికం లాంటిది. చీరాలలో వాళ్ళ నాన్నకు రేడియో రిపేరు షాపు ఉండేదట. పదేళ్ళ వయసుకే సోల్డరింగ్ ఐరన్ పట్టుకుందట. ఆమె చిన్నతనం గురించి నాకు తెలిసింది అంతే. పెళ్ళయి, భర్త ఉద్యోగంతో ఇటు వచ్చి, పని చేసే వీల్లేని హెచ్-ఫోర్ వీసా మీద ఎన్నో ఏళ్ళు ఇంట్లో కూర్చుని, వర్క్ పర్మిట్ చేతికొచ్చిన వారానికే మా ల్యాబ్ తలుపు తట్టిందని విన్నాను. తట్టి ఏమని అడిగిందో, మా ప్రొఫెసర్ ఏం చూసి తీసుకున్నాడో తెలియదు.

ఒక మధ్యాహ్నం పార్కింగ్ లాట్‌లో ఆమె కారు కనపడింది. లోపల సీటు వెనక్కి వాల్చుకుని కళ్ళు మూసుకుని ఉంది. ఒళ్ళో టిఫిన్ బాక్స్, అందులో సగం తిన్న పెరుగన్నం. ఒంట్లో బాగాలేదేమోనని గాభరాపడి అద్దం మీద కొట్టాను.

"ఏమైంది అక్కా? పానం బాగలేదా?"

"బాగానే ఉన్నానమ్మా. వింటున్నా. ఎక్కు, చలిగా ఉంది," అంటూ తలుపు తీసింది.

రేడియోలోంచి వట్టి హోరు వస్తోంది. రెండు స్టేషన్ల మధ్య ఖాళీ చోట కావాలని ముల్లు నిలిపింది. నేను ట్యూన్ చేయబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఏం పాట వింటున్నవ్ ఇందులో?"

"పాట కాదు. పాట లేని చోటు."

నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు. అద్దం మీద మంచు పలచగా పేరుకుని, మెల్లగా కరిగి జారుతోంది. కారులో ఆవకాయ వాసన, హీటర్ వెచ్చదనం, ఆ హోరు. ఎప్పుడు నిద్రపోయానో తెలియదు. లంచ్ టైమ్ అయిపోయిందని ఆమె భుజం తట్టి లేపింది.

"ఏమీ రాకపోతే ఎట్టా ఉంటదో ముందు తెలియాలి కదమ్మా. అది తెలిస్తేనే, ఏదన్నా వచ్చినప్పుడు వచ్చిందని తెలుస్తది," అంది మూత పెట్టుకుంటూ, వండుకునే పద్ధతి చెప్పినట్టు.

ఆ హోరును ఆమె వాన అనేది. స్కాన్ అయ్యాక తెర మీద ఏమీ కనపడకపోతే, "ఇవాళ వట్టి వానే," అనేది. మా ల్యాబ్‌లో ఉన్న కొరియా అబ్బాయి, అమెరికా అమ్మాయి కూడా కొన్నాళ్ళకి 'వానా?' అని అడగడం మొదలుపెట్టారు. ఆమె చేసిన కాయిల్స్‌కి మోడల్ నంబర్లు ఉండేవి కావు, పేర్లుండేవి. అట్టముక్క మీద తెలుగులో రాసి అంటించేది. 'బంగారం.' 'మొండిది.' 'రెండో మొండిది.' పలకడం నేర్పమని వాళ్ళే అడిగి నేర్చుకున్నారు. "ఎక్స్‌క్యూజ్ మీ, వేర్ ఈజ్ మొండిడీ టూ?" అని వాళ్ళు వెతుక్కుంటుంటే ఆమె పని ఆపకుండానే గడ్డంతో చూపించేది.

తీగ చుట్టేటప్పుడు నాలుక కొస పళ్ళ మధ్య పెట్టుకునేది. అప్పుడు పలకరిస్తే జవాబు రాదు. పొడవు ముందు ముక్కు కొస నుంచి చేతివేలి దాకా సాగదీసి కొలిచేది, ఆ తర్వాత కాలిపర్ తీసి మళ్ళీ కొలిచేది. రెండోది ఎందుకక్కా అంటే, "అది సారు కోసం," అనేది. చుట్టడం అయిపోయాక చెవి దగ్గర పెట్టుకుని గోటితో ఒకసారి మీటేది. రాగి తీగ ఏం చెబుతుందో నాకు ఎప్పుడూ తెలియలేదు. ఒకసారి అలా మీటి, మొహం చిట్లించి, రెండు రోజుల పనిని నిమిషంలో విప్పేసింది.

ఆమె చేసిన వస్తువుల్లో నాకు బాగా నచ్చింది కాయిల్ కాదు, చిన్న స్పీకర్ పెట్టె. స్కానర్ పట్టుకున్న బోరాన్ సంకేతాన్ని కంప్యూటర్‌లో కొంచెం సాగదీసి ఆ పెట్టెలోకి పంపితే, చెవికి వినిపించే శబ్దం అయ్యేది. మేమంతా తెర మీద గీతలు చూసేవాళ్ళం. ఆమె గీతల వైపు చూసేది కాదు. స్టూలు లాక్కుని, పెట్టె మీద చెవి ఆనించి కూర్చునేది.

మొదటిసారి అందులోంచి శబ్దం వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. కాయిల్ పనిచేస్తోందో లేదో చూడాలంటే బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్ళ సీసా కావాలి. ఆర్డర్ పెట్టిన పొడి ఎక్కడో ఆగిపోయింది, వారమైనా రాలేదు. ప్రొఫెసర్ విసుక్కుంటున్నాడు. అక్క ఏమీ అనకుండా మధ్యాహ్నం కారేసుకుని వెళ్ళి, షాంటిలీలో ఇండియన్ స్టోర్ నుంచి ఒక ప్యాకెట్ తెచ్చి బల్ల మీద పెట్టింది. క్యారమ్స్ బోర్డు మీద చల్లే పౌడర్.

"ఇదేంది అక్కా, ఆడుకుందామా?"

"వెనకాల చదువు."

వెనకాల సన్నటి అక్షరాల్లో బోరిక్ యాసిడ్ అని ఉంది. నీళ్ళలో కరిగించి, సీసాలో పోసి, 'బంగారం'లో పెట్టి అయస్కాంతంలోకి తోశాం. స్పీకర్‌లోంచి చిన్న గంట కొట్టినట్టు ఒక శబ్దం వచ్చి, చాలాసేపు మోగి, మెల్లగా ఆగింది. అక్క చేత్తో నోరు మూసుకుని నవ్వింది. ప్రొఫెసర్ గబగబా వచ్చి ప్యాకెట్ తిప్పి చూసి, ఇదేం ఆట అని అడిగి, నిలబడి ఆ గంటని ఇంకో నాలుగుసార్లు విన్నాడు. ఆ తర్వాత అసలు మందు కలిపిన సీసా పెట్టాం. దాని గొంతు వేరు. తడి గుడ్డ మీద వేలితో కొట్టినట్టు 'టుక్' మని అంతలోనే ఆగిపోయేది. శ్రుతి కూడా వేరే. అక్క ఆ రెండు శబ్దాలను రోజంతా ఒకదాని వెంట ఒకటి వింటూ కూర్చుంది.

ఆ చలికాలం చివర్లో మా దగ్గరికి బిస్కట్ వచ్చింది. బిస్కట్ పసుపు రంగు లాబ్రడార్. ముసలిది. ముక్కు లోపల కణితి. దాన్ని తీసుకొచ్చింది వాల్టర్ అనే పెద్దాయన. రిటైరవక ముందు స్కూలు బస్సు నడిపేవాడట. చాలా పొడవు మనిషి, టోపీ నెత్తిన కాకుండా చేతిలోనే పట్టుకుని తిప్పుతూ ఉండేవాడు. భార్య పోయాక తనతో మాట్లాడేది బిస్కట్ ఒక్కటేనని మొదటి రోజే చెప్పాడు, ఏదో చిరునామా చెప్పినట్టు మామూలుగా. మనుషుల దాకా వెళ్ళే ముందు, ఆపరేషన్‌కి లొంగని కణితులున్న పెంపుడు కుక్కలకు ఈ చికిత్స చేసి చూస్తున్నారు. ముందు మందు ఎక్కించి, అది కణితిలోకి ఏ టైముకి చేరుతోందో మేం చూసి చెప్పాలి. తర్వాతి వారం మరో రాష్ట్రంలో ఉన్న న్యూట్రాన్ యంత్రం దగ్గర మళ్ళీ మందు ఎక్కించి, మేం చెప్పిన టైముకే న్యూట్రాన్లు పంపుతారు.

మొదటి స్కాన్ మంగళవారం జరిగింది. మందు ఎక్కించిన రెండు గంటలకు, మత్తులో ఉన్న బిస్కట్‌ని అయస్కాంతంలో పడుకోబెట్టాం. తెర మీద ముక్కు దగ్గర తెల్లటి వెలుగు వచ్చింది. అంత బలమైన బోరాన్ సంకేతం మేమెప్పుడూ చూడలేదు. ఎవరో చప్పట్లు కొట్టారు. ప్రొఫెసర్ పరుగులాంటి నడకతో వెయిటింగ్ రూమ్‌కి వెళ్ళి, "ఇట్స్ దేర్," అని వాల్టర్‌తో చెప్పాడు. వాల్టర్ టోపీతో మొహం కప్పుకుని చాలాసేపు తియ్యలేదు.

అక్క స్పీకర్ దగ్గర నుంచి లేవలేదు. ఆగిపోయిన శబ్దాన్ని మళ్ళీ మొదటి నుంచి పెట్టుకుంటోంది.

"అమ్మాయ్, ఇటురా. విను."

విన్నాను. గంట మోగినట్టు మోగి, మెల్లగా ఆగింది.

"ఇది మందు కాదు. క్యారమ్స్ పౌడరు," అంది నెమ్మదిగా.

ప్రొఫెసర్ తిరిగొచ్చాక ఆయనకీ అదే చెప్పింది. ఆయన మొహంలో నవ్వు పూర్తిగా పోలేదింకా. ముక్కు లోపల గాలి ఉంటుంది, గాలి పక్కన అయస్కాంత క్షేత్రం చెదురుతుంది, అందుకే శ్రుతి కాస్త జరిగిందన్నాడు. అది నిజమే, మేమందరం పాఠాల్లో చదువుకున్నదే. నేను తలూపాను కూడా.

"శ్రుతి జరిగితే జరగనీండి సార్," అంది ఆమె ఇంగ్లీషులో, ఒక్కో మాటా ఏరుకుంటూ. "గాలి ఉంటే శబ్దం ఇంకా తొందరగా ఆగాలి కదా. ఇది ఎక్కువసేపు మోగుతోంది. ఎందుకు?"

ఆమె లేచి, కుక్కకు మత్తిచ్చిన పక్కగదిలోకి వెళ్ళి, అక్కడున్న చెత్తబుట్టను నేల మీద బోర్లించింది. గ్లవ్స్, దూది, సూదుల కవర్లు. వాటి మధ్య నుంచి బొటనవేలంత ప్లాస్టిక్ సీసా ఒకటి తీసింది. మత్తులో కుక్కల కళ్ళు తెరుచుకునే ఉంటాయి. ఆరిపోకుండా నర్సు చుక్కల మందు వేస్తుంది. ఆ సీసా మీద సన్నటి అక్షరాల్లో బోరిక్ యాసిడ్ అని ఉంది. కంట్లో వేసిన చుక్క కన్నీటి దారి వెంట ముక్కులోకే దిగుతుంది. మేం చూసి చప్పట్లు కొట్టింది దాన్ని.

ప్రొఫెసర్ సీసాను చేతిలోకి తీసుకుని చాలాసేపు చదివాడు. తప్పు పట్టుకున్నందుకు ఆమె మీదా, పట్టుకోలేకపోయినందుకు తన మీదా ఒకేసారి కోపం వచ్చినట్టు కనిపించింది. చివరికి, "శుక్రవారం మళ్ళీ చేద్దాం. చుక్కలు లేకుండా," అని తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

శుక్రవారం కళ్ళకు చుక్కల బదులు ఉప్పునీళ్ళ గుడ్డ వేశారు. మందు ఎక్కించారు. రెండు గంటల తర్వాత స్కాన్. తెర మీద ఏమీ లేదు. స్పీకర్‌లో వాన. ఇంకో అరగంట చూశాం. వానే. వెయిటింగ్ రూమ్‌లో వాల్టర్ ఉన్నాడు. వెళ్ళి చెప్పాల్సింది ప్రొఫెసర్. ఆయన గోడకి ఆనుకుని నేల చూస్తున్నాడు. అక్క చీర కుచ్చిళ్ళు సర్దుకున్నట్టు తన ల్యాబ్ కోటు కిందికి లాక్కుని బయటికి వెళ్ళింది. నేను వెనకే వెళ్ళాను.

"సర్, మొన్న మేం చెప్పింది తప్పు," అంది. ఇంగ్లీషు చాలనప్పుడల్లా నా వైపు చూస్తోంది, నేను అందిస్తున్నాను. "అది కళ్ళ చుక్కల మందు. అసలు మందు ఇంకా కణితిలోకి పోలేదు."

వాల్టర్ లేచి నిలబడ్డాడు. ఆయన ముందు ఆమె చాలా చిన్నగా కనపడింది.

"మంగళవారం ఉందన్నారు. ఈ రెండు రోజులూ నేను దానికి చికెన్ వండి పెట్టాను, పండగలాగా. ఇప్పుడొచ్చి లేదంటారా? మీకు ఏదైనా తెలుసా అసలు?"

"తెలియదు సర్. లేదని మాత్రం తెలుసు."

నేను ఆ మాటను ఇంగ్లీషులో పెట్టడానికి తడబడ్డాను. ఆయనకు అర్థమైందో లేదో, కూర్చుండిపోయాడు. టోపీ కింద పడింది. అక్క వంగి తీసి దులిపి ఆయన చేతికిచ్చింది. పంపు కీచుమంటోంది.

"దాన్ని ఇంటికి తీసుకుపోనా మరి?"

"వద్దు సర్. సాయంత్రం దాకా ఉండండి." తర్వాత నా వైపు తిరిగి తెలుగులో అంది. "మా ఊళ్ళో రేడియో మధ్యాహ్నం పూట ఆపేసేవాళ్ళు. సాయంత్రం మళ్ళీ మొదలయ్యేది. ఆ మధ్యలో రిపేరుకి తెచ్చేవాళ్ళు సెట్టు పాడయ్యిందని. మా నాన్న పుచ్చుకునేవాడు కాదు, కూర్చోబెట్టి టీ ఇచ్చేవాడు. ఈ మందుకి కూడా టైము రాలేదేమో. ముసలి కుక్క కదా, దాని రక్తం నిదానం."

రక్తం నిదానం అన్నది సైన్సు కాదు. కానీ నేను వెళ్ళి చెబితే ప్రొఫెసర్ విని, ఏం ఆలోచించుకున్నాడో, సరే అన్నాడు. పశువుల డాక్టరమ్మ ఒప్పుకోవడం కష్టమైంది. ఒకే రోజు రెండుసార్లు మత్తు మంచిది కాదంది. చివరికి చాలా తేలిక మత్తు, నలభై నిమిషాలు, అంతకు మించి కుదరదు అంది. స్కానర్ మధ్యాహ్నం నుంచి వేరే గ్రూపుది. వాళ్ళ కాయిల్‌ని అక్క ఒకసారి ఊరికే బాగుచేసి ఇచ్చింది. ఆ గ్రూపు అబ్బాయి ఆమె మొహం చూసి, అడక్కుండానే తన గంట వదులుకున్నాడు.

మధ్యలో ఆ నాలుగు గంటలూ ఎలా గడిచాయో సరిగ్గా గుర్తు లేదు. మెలకువలోనూ కాదు, నిద్రలోనూ కాదు. వెయిటింగ్ రూమ్ నేల మీద దుప్పటి పరిచి బిస్కట్‌ని పడుకోబెట్టారు. దాని పక్కన అక్క కూర్చుంది, వాల్టర్ కూడా నేల మీదికే దిగాడు. ఆయన కుక్కతో ఏదో గొణుగుతున్నాడు, ఆమె దాని చెవి మడత వేళ్ళతో రాస్తోంది. కాసేపటికి ముగ్గురూ కునుకు తీశారు. పైనుంచి వచ్చేవాళ్ళ భుజాల మీద మంచు ఉంది. నాకు ఆ నేలమాళిగ మొత్తం నీళ్ళ అడుగున ఉన్నట్టూ, మనుషులంతా మెల్లగా ఈదుతూ వెళుతున్నట్టూ అనిపించింది.

అయిదు కావస్తుండగా బిస్కట్‌ని మళ్ళీ లోపలికి పెట్టాం. 'రెండో మొండిది' దాని ముక్కు మీద. పది నిమిషాలు వాన. ఇరవై నిమిషాలు వాన. డాక్టరమ్మ గడియారం చూసుకుంటోంది. అక్క కళ్ళు మూసుకుని పెట్టె మీద చెవి ఆనించి ఉంది. నాకేమీ వినపడటం లేదు. అప్పుడు ఆమె చూపుడువేలు పైకి లేచింది.

"వచ్చింది," అంది, గుమ్మంలోకి ఎవరో చుట్టం వచ్చినట్టు.

ఇంకో పది నిమిషాలకు నాకూ వినిపించింది. టుక్. మళ్ళీ టుక్. తెర మీద, కణితి ఉన్న చోటే, వేలితో తాకిన మరకంత బూడిదరంగు. మంగళవారం చూసిన వెలుగులో పదో వంతు కూడా లేదు. ప్రొఫెసర్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకోవడం మరిచిపోయాడు. ఈసారి వాల్టర్‌కి చెప్పడానికి ఆయన పరుగెత్తలేదు. అక్క వైపు చూసి, మీరు వెళ్ళండి అన్నట్టు తలుపు తెరిచి పట్టుకున్నాడు.

న్యూట్రాన్లు పంపే టైము, మందు ఎక్కించాక రెండు గంటలని ఉన్నది ఏడు గంటలకు మారింది. ఎండాకాలంలో వాల్టర్ ఒక ఫోటో పంపాడు. బిస్కట్ ఏటి నీళ్ళలో ఛాతీ దాకా నిలబడి ఉంది. ఆ కుక్క ఏడాది పైనే బతికింది. పోయినప్పుడు కూడా ముక్కు వల్ల కాదు, ముసలితనం వల్లేనని ఉత్తరం రాశాడు. మా పేపర్‌లో అక్క పేరు నాలుగోది. అచ్చయిన కాగితం ఇస్తే పేరు చూసుకోలేదు, బొమ్మ చూసింది. "వాన మరీ ఎక్కువ తుడిచేశారే. పాపం," అంది.

అప్పటికే ఆమె వెళ్ళిపోవడం ఖాయమైంది. షాంటిలీలో భర్త ఉద్యోగం లే-ఆఫ్‌లో పోయింది. అరవై రోజుల్లో ఇంకోటి చూసుకోకపోతే దేశం వదలాలి. యాభయ్యో రోజున శాన్ రామన్‌లో దొరికింది. కొత్త కంపెనీ, కొత్త పిటిషన్, దాంతో ఆమె వర్క్ పర్మిట్ మళ్ళీ మొదటికొచ్చింది. అది ఎప్పటికి వస్తుందో లాయర్‌కే తెలియదు. ప్రొఫెసర్ ఎవరెవరికో ఉత్తరాలు రాశాడు. కుదరలేదు. తర్వాత ఫోన్ చేసినప్పుడల్లా, పక్కింటి వాళ్ళ మిక్సీ బాగుచేశాననో, గుళ్ళో మైకు బాగుచేశాననో చెప్పేది. పర్మిట్ సంగతి నేను అడిగేదాన్ని కాదు. ఫోన్లు కూడా మెల్లగా తగ్గిపోయాయి. తగ్గించింది నేనే.

ల్యాబ్‌లో ఆమె చివరి శుక్రవారం, పనంతా అప్పజెప్పాక, నా దగ్గరికొచ్చి నిలబడింది.

"నన్నొకసారి అందులో పడుకోనిస్తావా?"

ఇన్నేళ్ళూ ఆమె ఎంతమంది తలలకో సరిపడేలా తీగలు చుట్టింది, తాను ఒక్కసారీ లోపలికి పోలేదు. మామూలు వలంటీర్ లాగే ఫారాలు నింపించాను. మెడలో సూత్రాల గొలుసు తియ్యాలి, లోహపు చుట్టు వేడెక్కుతుంది అని చెప్పాను. ఆ సంగతి నాకన్నా ఆమెకే బాగా తెలుసు. అయినా ఒక నిమిషం గొలుసు పట్టుకుని నిలబడింది. తర్వాత తీసి నా అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది.

"మా ఆయనకి చెప్పకు. ఈ గొడవల్లో మళ్ళీ ఇదొకటి," అంది.

ఆమెను లోపలికి పంపి మైకులో, "బాగున్నవా అక్కా?" అన్నాను. "ఊఁ," అంది. స్కానర్ మొదలైంది, దడదడ, ధన్‌ధన్. రెండోసారి అడిగితే జవాబు లేదు. కంగారుపడి కెమెరాలో చూశాను. ఛాతీ నిదానంగా లేచి దిగుతోంది. అంత గోలలో నిద్రపోయింది. స్కాన్ అయిపోయాక కూడా లేపబుద్ధి కాలేదు. లైటు తగ్గించి, గొలుసు గుప్పిట్లో పెట్టుకుని గాజు అద్దం ఇవతల కూర్చున్నాను. పైన ఎక్కడో పార్కింగ్‌లో ఆమె భర్త కారులో ఎదురుచూస్తున్నాడు. తర్వాతి వాళ్ళు వచ్చి తలుపు కొట్టేదాకా ఆమెను పడుకోనిచ్చాను.

బయటికొచ్చి బల్ల మీద కూర్చుని, మొహం తుడుచుకుంది.

"కల వచ్చింది. ఏదో ఎయిర్‌పోర్టు. పెద్ద లైను. నా వంతు వచ్చింది. చేతిలో ఫైలు లేదు, పాస్‌పోర్టు లేదు, ఏమీ లేవు. లోపల కూర్చున్నాయన నన్ను అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాడు. చూసి, ఈమెకు కాగితాలు అక్కర్లేదు, పోనీండి అన్నాడు."

"ఏడికి పోయినవ్?"

"ఏమో. పోతుంటే తలుపు కొట్టారు."

నవ్వింది. నేనూ నవ్వాను. గొలుసు చుట్టూ వేసి వెనక కొక్కెం పెట్టమని అటు తిరిగింది. కొక్కెం రింగులో పడటం లేదు. ఒకసారి తప్పింది. రెండోసారీ తప్పింది.

"తొందరేం లేదమ్మా. నిదానంగా పెట్టు," అంది. జుట్టు పైకెత్తి పట్టుకుని, తల వంచి, నేను పెట్టేదాకా కదలకుండా కూర్చుంది.